గ్యాసు ఎక్కడికి పోయింది?

మే నెల మధ్యాహ్నం. హైదరాబాదులో విద్యానగర్ వీధులన్నీ నిర్మానుష్యంగా ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్ల మీదుగా వచ్చే గాలి కూడా పొయ్యి మీదుగా వచ్చినట్టే ఉన్నది. అటువంటి వేళ ఒక ఇంటి వంటగదిలో పన్నెండేళ్ల కుర్రవాడొకడు ఫ్రిజ్ తలుపు తీసి, మంచులో కూరుకుపోయిన ఐసు ట్రేను లాగుతున్నాడు. అది ఎంతకీ రాలేదు. వాడు కూరలు తరిగే కత్తి తెచ్చి మంచును పొడిచాడు. వెంటనే పాము బుసకొట్టినట్టు "స్‌స్‌" మని చప్పుడయింది. కొంతసేపటికి ఆగిపోయింది. కుర్రవాడు తలుపు మూసి, కత్తి కడిగి, ఉన్నచోట పెట్టేశాడు. ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పలేదు.

మరునాటికి పాలు విరిగాయి. పాలు పోతే పోయాయి గాని, ఆ ఫ్రిజ్‌లోనే నానమ్మ ఇన్సులిన్ సీసాలున్నాయి. ఆవిడకు చక్కెర వ్యాధి. రోజూ సూదిమందు వేసుకోవాలి. కొత్త సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆ వంటగదిలో అప్పుడు 38 డిగ్రీల వేడి ఉన్నది.

నాన్న ఒక రిపేరు మనిషిని పిలిపించాడు. అతను వచ్చి, అటూ ఇటూ చూసి, "గ్యాసు అయిపోయింది సార్, నింపితే సరి!" అన్నాడు. నింపాడు. డబ్బు పుచ్చుకుని వెళ్లాడు. ఆ రాత్రి ఫ్రిజ్ చల్లబడింది. తెల్లవారేసరికి కథ మళ్లీ మొదటికి వచ్చింది.

అప్పుడు తొమ్మిదేళ్ల చెల్లెలు, "నాన్నా, స్కూటర్లో పెట్రోలు అయిపోయినట్టు ఫ్రిజ్‌లో గ్యాసు కూడా అయిపోతుందా?" అని అడిగింది.

పిల్లలూ! చాలామంది పెద్దవాళ్లు కూడా అడగవలసి ఉండీ అడగని ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలియాలంటే ఫ్రిజ్ ఏం చేస్తుందో మొదట తెలియాలి.

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేస్తుందని మనం అనుకుంటాం. అది నిజం కాదు. చల్లదనం అనే వస్తువే లేదు. వేడి ఉండటమూ, వేడి తగ్గటమూ మాత్రమే ఉన్నాయి. నీరు పల్లమెరుగు అని సామెత ఉన్నది గదా! వేడి కూడా అంతే. ఎక్కువ వేడి ఉన్నచోటి నుంచి తక్కువ వేడి ఉన్నచోటికి తనంతట తనే పోతుంది గాని, ఎదురు నడవదు. మరి బోరుబావిలోని నీరు డాబా మీది ట్యాంకులోకి ఎట్లా ఎక్కుతున్నది? మోటారు ఎక్కిస్తున్నది. ఫ్రిజ్ కూడా అటువంటి పంపే. లోపలి 4 డిగ్రీల చోటు నుంచి వేడిని తోడి, 38 డిగ్రీల వంటగదిలో పోస్తుంది. అందుకే దీన్ని హీట్ పంపు అనటం న్యాయం. గది తలుపులన్నీ మూసి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పెడితే గది చల్లబడుతుందా? చల్లబడదు సరికదా, ఇంకా వేడెక్కుతుంది! తోడిన వేడి గదిలోనే పడుతుంది, దానికి తోడు మోటారు వేడి కూడా కలుస్తుంది.

వేడిని తోడటానికి చేద ఏది? నానమ్మ సూది వేసుకునే ముందు దూదితో స్పిరిటు రాసుకుంటుంది. రాసినచోట చల్లగా ఉంటుంది. స్పిరిటు ఆవిరైపోతూ ఒంటిలోని వేడిని పట్టుకుపోవటమే దానికి కారణం. మట్టి కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. ఒక్క గ్రాము నీరు కుండ చెమ్మలోంచి ఆవిరైపోతే, లోపల మిగిలిన 58 గ్రాముల నీళ్లు 10 డిగ్రీలు చల్లబడేటంత వేడి పోతుంది. కాని కుండలో ఆవిరైన నీరు మళ్లీ రాదు, మనమే పోయాలి. ఫ్రిజ్‌లో ఆవిరి ఎక్కడికీ పోదు. అదే విశేషం.

ఫ్రిజ్ గొట్టాల్లో ఉండేది చాలా తక్కువ వేడికే మరిగే ద్రవం. ఈ ఇంటి ఫ్రిజ్‌లో ఉన్న ఆర్-134ఎ అనేది మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు దిగువ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది! ఫ్రీజరు చుట్టూ ఉన్న గొట్టాల్లో అది మరిగి, పాలలో వేడినీ కూరల్లో వేడినీ తాగేసి ఆవిరవుతుంది. అడుగున ఉన్న కంప్రెసరు ఆ ఆవిరిని పీల్చి గట్టిగా నొక్కుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు భాగం ఎట్లా కాలుతుందో మీకు తెలుసు గదా! ఆ విధంగానే నొక్కుడు పడిన ఆవిరి వంటగదికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు వేడి పల్లానికి పారినట్టు, గొట్టాల గోడలు దాటి గదిలోకి వచ్చేస్తుంది. ఫ్రిజ్ వెనకో పక్కనో చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలేది అదే. వేడి వదిలిన ఆవిరి మళ్లీ ద్రవమై, వెంట్రుకలాంటి సన్నని రంధ్రమున్న రాగి గొట్టం గుండా ఫ్రీజరులోకి పోయి మళ్లీ మరుగుతుంది. సుమారు నూరు గ్రాముల గ్యాసు ఇట్లా రాత్రింబగళ్లు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

ఇదంతా ఆ ఇంటికి చెప్పినవాడు తార్నాక వైపు నుంచి పిలిపించిన ఒక ముసలి మెకానిక్కు. పిల్లలు ఆయనను చాచా అన్నారు.

"బేటా, ఇది పెట్రోలు కాదు. అరిగేదీ కాదు, మండేదీ కాదు. సైకిలు ట్యూబులో గాలి అనుకో. గాలి పోయిందంటే పంక్చరు ఉన్నట్టే. పంక్చరు వెయ్యకుండా గాలి కొడితే ఎంతసేపుంటుంది?" అన్నాడు చాచా.

చాచా వచ్చీరాగానే గ్యాసు మాట ఎత్తలేదు. ముందు తలుపుకూ పెట్టెకూ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూశాడు. కాగితం వదులుగా వస్తే రబ్బరు చెడిపోయినట్టు. అది బాగానే ఉన్నది. వెనక దుమ్ము చూశాడు, గోడకు ఎంత దూరంగా పెట్టారో చూశాడు. వేడి పోవటానికి దారి లేకపోతే ఏ పంపైనా ఏం చేస్తుంది? ఆ తరవాత చెవి పెట్టి విన్నాడు. కంప్రెసరు బరువుగా మూలిగి "టక్కు" మని ఆగిపోతే తప్పు రిలేలోనో వోల్టేజిలోనో ఉండవచ్చు. ఇది ఆగకుండా తిరుగుతున్నది, కాని వెనక గొట్టాలు వెచ్చబడటం లేదు.

"తోడటానికి సరుకే లేదు," అన్నాడు చాచా. "కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం మూడు నిమిషాలైనా ఆగి స్విచ్చి వెయ్యండమ్మా. లోపల ఒత్తిడి సర్దుకోకముందే తిప్పితే కంప్రెసరుకు ప్రాణం మీదికి వస్తుంది."

ఆయన గొట్టాల్లోకి నత్రజని ఎక్కించాడు. సబ్బు నురగ ఉన్న గిన్నే, బ్రష్షూ కుర్రవాడి చేతికిచ్చాడు. "ఫ్రీజరు మీద రాయి బేటా. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ చిల్లు."

కుర్రవాడు రాయటం మొదలుపెట్టాడు. పైన రాశాడు, పక్కన రాశాడు, అంతా రాశాడు. బుడగ రాలేదు.

"అన్నయ్యా, ఆ ఎడమ మూల వదిలేశావేం?" అన్నది చెల్లెలు.

వాడి చెయ్యి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కత్తితో పొడిచింది నేనే!" అని ఒక్కసారిగా చెప్పేశాడు. చాచా బ్రష్షు తీసుకుని ఆ మూల రాశాడు. సబ్బు బుడగ ఉబ్బి, ఉబ్బి, పగిలింది.

నాన్నకు కోపం వచ్చింది. పోయిన డబ్బు ఎక్కువే మరి! మొదటి రిపేరు డబ్బు దండగ. డాక్టరుగారు, వేడికి గురైన ఇన్సులిన్ సరిగా పనిచేస్తుందనే నమ్మకం లేదు, పారేయమన్నారు. కొత్త సీసా కొనవలసి వచ్చింది. కాని నానమ్మ, "మొన్ననే చెప్పి ఉంటే ఆ సీసాలు పక్కింట్లో పెట్టేవాళ్లం గదరా," అని మాత్రం అన్నది. కుర్రవాడికి నాన్న కోపం కన్నా ఆ మాటే ఎక్కువ బాధ కలిగించింది.

"ఇది తీసేసి కొత్తది కొంటే?" అని అమ్మ అడిగింది.

చాచా వెనక అంటించిన చీటీ చదివాడు. ఫ్రిజ్ వయస్సు పదేళ్లు. కంప్రెసరు ఆరోగ్యంగా ఉన్నది, డబ్బాకు తుప్పు లేదు. "ఒక్క భాగం పోతే బాగుచేయించండి. కంప్రెసరు పోయి, గొట్టాలు పోయి, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనండి. కొనేటప్పుడు నక్షత్రాల చీటీ చూడండి," అన్నాడు. ఈ నక్షత్రాల పద్ధతి మన దేశంలో 2006లో వచ్చింది. నక్షత్రాలు ఎక్కువైన కొద్దీ కరెంటు తక్కువ తాగుతుందన్నమాట. కొత్తది కొనిపిస్తే లాభం ఉన్నచోట కూడా పాతదే బాగుందని చెప్పేవాడు దొరకటం ఆ ఇంటివారి అదృష్టమనే నేననుకుంటాను.

ఇక పోయిన గ్యాసు సంగతి. అది ఎక్కడికి పోయింది? ఆకాశంలోకి పోయింది. నూరు గ్రాములే గదా అనకండి. ఆర్-134ఎ అనేది భూమి వేడిని పట్టి ఉంచటంలో, నూరేళ్ల లెక్కన, బొగ్గుపులుసు వాయువుకన్నా సుమారు 1,430 రెట్లు గట్టిది. అంటే ఆ చిల్లులోంచి పోయింది 143 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. మొదటి రిపేరు మనిషి నింపినదీ అదే దారిన పోయింది. అందుకే పాత ఫ్రిజ్‌నో ఎయిర్ కండిషనర్‌నో తీసేసేటప్పుడు, మిగిలిన గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి లాగి పట్టాలి.

ఈ గ్యాసుల కథ పెద్దదే. మొదటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, గంధకపు వాయువు వంటి విషాలుండేవి. అవి కారితే మనుషులు చచ్చిపోయేవారు. 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం విషం కాని, మండని సి.ఎఫ్.సి. వాయువును ఎంచుకున్నది. 1930లో ఆయన దాన్ని సభలో అందరి ఎదుటా పీల్చి, ఆ ఊపిరితో దీపం ఆర్పి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు, ఈ వాయువులోని క్లోరిన్ ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తుందని హెచ్చరించారు. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒడంబడిక చేసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది. 1995లో ఆ ఇద్దరికీ, క్రుట్‌జెన్ అనే మరొక శాస్త్రజ్ఞుడికీ కలిపి నోబెల్ బహుమానం వచ్చింది.

ఇందులో తార్నాకకు కూడా పాలున్నది! విద్యానగర్ నుంచి విశ్వవిద్యాలయం దాటి తార్నాక చేరితే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ ఉంటుంది. 1944లో నిజాం కాలంలో మొదలైన పరిశోధనాలయం అది. 1956లో కేంద్ర సంస్థ చేతికి వచ్చింది, 1989లో ఇప్పటి పేరు పెట్టుకున్నది. అక్కడి శాస్త్రజ్ఞులు ఒక చక్కని పని మీద పరిశోధన చేశారు. సి.ఎఫ్.సి.-12 అణువులో రెండు క్లోరిన్ పరమాణువులున్నాయి. పల్లాడియం లోహం సాయంతో వాటిని ఊడదీసి, వాటి స్థానంలో హైడ్రోజన్ పెడితే అది ఆర్-32 అవుతుంది. ఓజోన్‌ను తినే క్లోరిన్ అందులో ఉండదు. ఇవాళ ఇళ్లలోని చాలా ఎయిర్ కండిషనర్లలో తిరిగే వాయువు ఆర్-32యే. దొంగను పట్టి కాపలావాడిగా మార్చినట్టు లేదూ? అయితే ఇది కూడా భూమిని వేడెక్కించేదే, కాకపోతే 134ఎ కన్నా సగంకన్న తక్కువ. ఇప్పటి కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఐసోబ్యుటేన్ వాడుతున్నారు. అది మన వంట గ్యాసుకు దగ్గరి చుట్టం. భూమికి మంచిదే గాని నిప్పు తగిలితే మండుతుంది. అటువంటి ఫ్రిజ్‌ను కత్తితో పొడిస్తే ఏమవుతుందో ఊహించండి!

ఈ యంత్రాన్నే తిప్పి పెడితే ఇల్లు వెచ్చబడుతుంది. 1852లోనే విలియం థామ్సన్ ఈ ఉపాయం చెప్పాడు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లలో చాలాచోట్ల ఎండాకాలం లోపలి వేడిని బయటికి తోడే యంత్రమే చలికాలం బయటి వేడిని లోపలికి తోడుతుంది. మంచు కురిసే గాలిలో వేడెక్కడిదంటారా? అంతకన్నా చల్లని ద్రవానికి ఆ గాలి వేడిగానే ఉంటుంది మరి! ఒక యూనిటు కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. అక్కడ కూడా గ్యాసు పోయిందంటే చిల్లు వెతకవలసిందే.

చాచా మరి రెండు రోజులకు కొత్త ఫ్రీజరు పెట్టె తెచ్చాడు. ఆ రెండు రోజులూ నానమ్మ కొత్త సీసాను, డాక్టరుగారితో చెప్పి, కుండలో కుండ పెట్టి మధ్య తడి ఇసుక పోసి అందులో ఉంచారు. ఇసుక ఆరకుండా చూసే పని కుర్రవాడు తనంతట తానే తీసుకున్నాడు. చాచా పాత పెట్టె తీసి కొత్తది అతికాడు, చెమ్మ పీల్చే ఫిల్టరు మార్చాడు. పంపుతో గొట్టాల్లోని గాలినంతా లాగేశాడు. ఆ చెమ్మ చుక్కంత మిగిలినా సన్నని గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుందట. ఆ తరవాత తక్కెట్లో తూచి గ్యాసు నింపాడు. మరునాడు పొద్దున లోపల 4 డిగ్రీలున్నది.

నానమ్మ సీసాను ఫ్రీజరుకు దూరంగా మధ్య అరలో పెట్టారు. గడ్డకట్టినా అది పాడే.

నెల తిరిగేసరికి ఐసు ట్రే మళ్లీ మంచులో ఇరుక్కున్నది. కుర్రవాడు సీసాను పక్కింట్లో ఇచ్చి వచ్చి, స్విచ్చి ఆపి, తలుపు తీసి, ఫ్రిజ్ ముందు పీట వేసుకు కూర్చున్నాడు. ట్రే ఊడి రావటానికి ముప్పావుగంట పట్టింది.