అడ్డపొగ, అంగిలి కాన్సరు: ప్రభుత్వ వైద్యం చూడని చోటు

చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇది వింత కాదు, వైద్య పుస్తకాలకే వింత. పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు అప్పటి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 43.8 మంది అడ్డపొగ తాగేవాళ్లే. అందులో ఆడవాళ్లే ఎక్కువ. (విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. సాలూరు, బొబ్బిలి అప్పటికి శ్రీకాకుళంలోనివే.) ఇప్పుడీ అలవాటు ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లలో కనిపిస్తుంది.

దీన్ని మూఢాచారం అని కొట్టిపారేయడం చదువుకున్నవాళ్లకు తేలిక. మేము అలా అనుకోవడం లేదు. గాలీవానల్లో ఊడ్పులు ఊడ్చే మనిషికి, రేవులో చేపల గంప ఎత్తే మనిషికి నిప్పు లోపలుంటే చుట్ట ఆరదు, బూడిద చంకలో బిడ్డ మీద రాలదు. అడ్డపొగ శ్రమలోంచి పుట్టిన అలవాటు. దానికితోడు పన్ను సలిపితే చుట్టే మందు. పంటి డాక్టరు సాధారణంగా పి.హెచ్.సి.లో ఉండడు, ఏరియా ఆసుపత్రి దాకా పోవాలి. పంటినొప్పికి వైద్యం అందకపోవడం కూడా చుట్టను నోట్లో నిలబెడుతోంది. నోటి ఆరోగ్యం వేరు, కాన్సరు నివారణ వేరు అని విడదీయడం ఇక్కడే తప్పవుతుంది.

మన దేశంలో నోటి కాన్సరు ఎక్కువగా బుగ్గకూ నాలుక్కూ వస్తుంది. అడ్డపొగ వాళ్లకు మాత్రం అంగిట్లో వస్తుంది. వేడీ పొగా సూటిగా తగిలేది అక్కడే. ముందు అంగిలి తెల్లబారుతుంది, లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా తేలతాయి. తర్వాత తెల్ల, ఎర్ర మచ్చలు, పుండు. మొదట్లో నొప్పి ఉండదు గనక ఎవరూ పట్టించుకోరు. ఆ దశలో చుట్ట మానేస్తే చాలామందిలో మార్పులు తగ్గుముఖం పడతాయి.

ముప్పై నుంచి అరవై అయిదేళ్ల వయసు వాళ్లందరి నోళ్లూ అయిదేళ్లకోసారి చూడాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. 2018 నుంచి వచ్చిన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల పన్నెండు సేవల్లో నోటి ఆరోగ్యం ఒకటి. కాగితం మీద లోటు లేదు. కానీ పొగతాగుతారా అని అడిగితే చాలదు, నిప్పు ఎటువైపని కూడా అడగాలి. బుగ్గలు చూసి వదిలేస్తే అంగిలి కనపడదు. "తల పైకెత్తప్పా" అని టార్చి వేసి చూడాలి, కట్టుడుపళ్లుంటే తీయించాలి.

ఇక్కడ కులం అడ్డొస్తుంది. నోరు ఎంగిలి. మాలపేట ముసలమ్మ నోట్లో వేలుపెట్టి చూడాలంటే వెనకాడే చేతులు ఇంకా ఉన్నాయి. ఏ మార్గదర్శకమూ ఈ మాట రాయదు. పైనుంచి చూసి "బాగుంది" అని రాసేస్తే పుండు ముదిరాకే బయటపడుతుంది.

కేరళలోని తిరువనంతపురం జిల్లాలో మామూలు ఆరోగ్య కార్యకర్తలే నోళ్లు చూస్తే, పొగాకు, సారా వాడేవాళ్లలో నోటి కాన్సరు చావులు దాదాపు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేకపోయాయి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ దవడ కోయించడానికి డబ్బిస్తుంది, మంచిదే. 2003 పొగాకు చట్టం పెట్టెల మీద హెచ్చరిక బొమ్మలు వేయించింది. ఇంట్లో చుట్టుకున్న చుట్టకు పెట్టె ఎక్కడిది? మచ్చ కనిపెట్టాక కూడా ఆమెను విశాఖ పంపాలంటే బస్సు చార్జీ, ఆ రోజు కూలి, వెంట వచ్చే మనిషి కూలి ఎవరిస్తారో పథకంలో రాయాలి.