తార్నాక అని రాయించి చూడండి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒక శాఖ సదస్సు పెట్టిందనుకుందాం. 300 మందికి తెలుగులో ప్రశంసాపత్రాలు ఇవ్వాలి. ఒక్కోదానికి 4 నిమిషాలు పట్టినా మొత్తం 20 గంటల పని. పేర్ల జాబితా అందుకుని పీడీఎఫ్‌లు తయారుచేసే చిన్న ప్రోగ్రాం రాసుకుంటే అది నిమిషాల్లో తేలిపోతుంది. దానికి కావలసిన లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, ఉచితంగానే దొరుకుతాయి. ఏది ఎంచుకోవాలన్నదే ప్రశ్న.

ఇంగ్లిష్‌లో చక్కగా వచ్చిన పత్రం తెలుగులో ఎందుకు పాడవుతుంది? ‘తార్నాక’ మన కంటికి 3 అక్షరాలు. కంప్యూటర్‌కు 7 సంకేతాలు: త, దీర్ఘం, ర, పొల్లు, న, దీర్ఘం, క. ఇందులో నాలుగోదైన పొల్లు కనబడకూడదు. ఐదోదైన న ఒత్తుగా మారి ర కిందికి దిగాలి. ఆరోదైన దీర్ఘం ర తలకట్టు స్థానంలో చేరాలి. ‘స్త్రీ’లోనైతే 6 సంకేతాలు కలిసి ఒక్క అక్షరం కావాలి. ఈ కూర్పునే షేపింగ్ అంటారు. అది తెలియని లైబ్రరీ సంకేతాలను వచ్చిన వరుసలోనే పేర్చేస్తుంది, ఒత్తులు విడిపోతాయి.

మంచి ఫాంట్ పెడితే సరిపోదా? సరిపోదు. ఒత్తుల రూపాలు, అవి కలిసే నియమాలు ఫాంట్‌లోనే ఉంటాయి. కానీ వంటల పుస్తకం ఇంట్లో ఉన్నంత మాత్రాన కూర ఉడకదు కదా! ఆ నియమాలు చదివి అమలుచేసేవాళ్లు కావాలి. ఓపెన్ సోర్స్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. ఇక ఫాంట్ సంగతి: పీడీఎఫ్‌కు మొదటి నుంచీ ఉన్న 14 ప్రామాణిక ఫాంట్లలో తెలుగు లేదు. అందుకే నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి స్వేచ్ఛా ఫాంటును ఫైల్లోనే పొదగాలి.

మరి ఏవి పనికొస్తాయి? పైథాన్ వాడేవారికి వీజీప్రింట్ అనువైనది. వెబ్ పేజీలా రాసిస్తే పీడీఎఫ్ చేస్తుంది, లోపల హార్ఫ్‌బజ్ ఉంటుంది. ఎఫ్‌పీడీఎఫ్2 అనే మరో పైథాన్ లైబ్రరీలో షేపింగ్‌ను మీరే ఆన్ చేయాలి. వందల పేజీల సిద్ధాంత గ్రంథానికి జీటెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాం మేలు.

పేజీని బొమ్మగా మార్చి అతికిస్తే పోలేదా? లెక్క చూడండి. 1,500 సంకేతాలున్న తెలుగు పేజీ, సంకేతానికి 3 బైట్ల చొప్పున, 4,500 బైట్లు. అదే ఏ4 పేజీని అంగుళానికి 300 చుక్కల నలుపు-తెలుపు ఛాయాచిత్రంగా తీస్తే, చుక్కకు ఒక బైటు చొప్పున, 87 లక్షల బైట్లు. కుదించక ముందు తేడా దాదాపు 1,900 రెట్లు: పావులీటరు గ్లాసు పక్కన 500 లీటర్ల నీళ్ల ట్యాంకు. ఫాంట్ బరువు కలిసినా అది ఫైలుకు ఒక్కసారే.

బొమ్మలో వెతకడం కూడా కుదరదు. పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరే రోజులివి. మీరు అయిదేళ్లు కష్టపడి రాసిన మాట వెతికేవారికి దొరకాలి. చూడడానికి బాగున్న పీడీఎఫ్‌లోనూ కాపీ చేస్తే అక్షరాలు తారుమారు కావచ్చు. కాబట్టి ఒక పేరా కాపీ చేసి, వేరేచోట అతికించి చూడండి.

ఉచితమంటే షరతుల్లేవనేనా? కాదు. వీజీప్రింట్‌ది బీఎస్‌డీ లైసెన్సు: లైసెన్సు పాఠం, రచయితల పేరు ఉంచితే దాదాపు ఎలాగైనా వాడుకోవచ్చు. ఐటెక్స్‌ట్ అనే మరో పీడీఎఫ్ లైబ్రరీది ఏజీపీఎల్: దానితో కట్టిన సేవను ఇంటర్నెట్‌లో పెడితే మీ ప్రోగ్రాం మూలకోడ్‌ను వాడేవారికి ఇవ్వాలి, లేదా వాణిజ్య లైసెన్సు కొనాలి. ప్రాజెక్టు బతికే ఉందో లేదో కూడా చూసుకోండి. ఎంతో పేరున్న డబ్ల్యూకేహెచ్‌టీఎంఎల్‌టుపీడీఎఫ్ కోడ్ భాండాగారాన్ని 2023లో మూసేశారు. ఇక మరమ్మతులు రావు.

నిర్ణయానికి ముందు అరగంట కేటాయించండి. తార్నాక, ఉస్మానియా, స్త్రీ, జ్యోత్స్న, లక్ష్మి అన్న 5 మాటలు ఒక పేజీలో రాయించి, ముద్రించి, కాపీ చేసి చూడండి. ఒక్కటి తప్పినా ఆ లైబ్రరీ వద్దు. 300 పత్రాల్లో ఒక్క జ్యోత్స్న పేరు విరిగినా మనకది మూడువందల్లో ఒక తప్పు. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది మాత్రం ఆ ఒక్క పత్రమే.