రాబందుల గండిలో కాలిబాట

స్పెయిను దేశపు రాజధాని మాడ్రిడ్‌కు ఉత్తరముగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున, సెగోవియా మండలములో, సెపుల్వెద అను చిన్న ఊరు కలదు. ఆ ఊరి క్రింద కస్లిల్యా అను యేరు దురతోన్ నదిలో కలియుచున్నది. తల్కానో అను ప్రాచీన రోమను వంతెన నుండి బయలుదేరిన ఒక కాలిబాట, నదీతీరమున నిట్టనిలువు రాతిగోడల నడుమ సుమారు పది కిలోమీటర్లు సాగి, విల్యాసెకా వంతెనను చేరును. కాలినడకన కొండలు, నదులు చూచు అలవాటున్నవారికి ఇది ఇష్టమైన దారి. అయితే ఈ బాటకొక నియమము కలదు. జనవరి 1వ తేదీ మొదలు జూలై 31వ తేదీ వరకు అనుమతిపత్రము లేనిదే దీనిమీద నడువరాదు. దినమునకు కొద్దిమందికే ఆ పత్రములు లభించును. మిగిలిన ఐదు నెలలు ఎవరైనను పోవచ్చును.

బాట పాడగుననియో, నదికి వరద వచ్చుననియో ఈ నియమము పెట్టలేదు. పైనున్న రాతి అరుగులమీద గూళ్లు కట్టుకొన్న రాబందుల కొరకు పెట్టినారు. నడచువాడు నది ఒడ్డున, పక్షి నూరు మీటర్ల ఎత్తున ఉండగా ఒకరివలన మరియొకరికి కలుగు బాధ ఏమి? దీనికి సమాధానము ఆ గండి కథతో మొదలుపెట్టవలెను.

నది రాతిని చీల్చుకొని పోయిన ఇరుకు దారిని మనము గండి అందుము. పెన్నానది ఒడ్డునగల గండికోటకు ఆ పేరు అట్లే వచ్చినది. దురతోన్ గండిలో ఒక వింత కలదు. ఆ నది పామువలె మెలికలు తిరుగుచు, ఆ మెలికలతోనే కొన్నిచోట్ల నూరు మీటర్లకు మించిన లోతున ప్రవహించును. మెలికలు తిరుగుట మైదానములో నెమ్మదిగా పారు నదుల లక్షణము. గట్టి రాతిలో ఇంత లోతు కోసిన నదికి అంత తీరిక ఎక్కడిది?

నది ముందు మెలికలు తిరిగినది, తరువాత కోసినది, ఇదియే రహస్యము. దురతోన్ నది దువేరో అను పెద్దనదికి ఉపనది. ఒకప్పుడు ఆ దువేరో పరీవాహక ప్రదేశము నలువైపుల మూసిన పళ్లెము వంటిది. అందలి నీరు సముద్రము చేరక లోపలి సరస్సులలోనే నిలిచిపోయెడిది. పదుల లక్షల సంవత్సరముల క్రిందట అట్లాంటిక్ వైపు పారు నది వెనుకకు కోసుకొనుచు వచ్చి ఆ పళ్లెపు అంచును తెగగొట్టినది. దువేరో సముద్రము పట్టినది. దాని మట్టము క్రిందికి దిగినది. ప్రధాననది దిగినప్పుడు ఉపనదులును దిగక తప్పదు. దురతోన్ తాను అప్పటికే తిరుగుచున్న మెలికలను విడువక, ఉన్నచోటనే క్రిందికి కోయసాగినది.

కోయబడిన రాయి సున్నపురాయి. క్రెటేషియస్ యుగమున అచ్చటి సముద్రములో అడుగున పేరుకొన్నది. వాననీరు గాలినుండియు మట్టినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము ఆమ్లగుణము పొందును. ఆ నీరు సున్నపురాతిని కరగించి కాల్షియం బైకార్బొనేటుగా మార్చి తీసికొనిపోవును. ఉపాధ్యాయులు దీనిని ప్రయోగశాలలో తేలికగా చూపవచ్చును. సున్నపుతేటలోనికి బొగ్గుపులుసు వాయువును పంపినచో మొదట పాలవలె తెల్లబడును. ఇంకను పంపుచుండిన మరల తేటపడును. తెల్లబడుట సున్నపురాయి పుట్టుక. తేటపడుట దాని కరగుదల. బెలుం గుహలను తొలిచినదియు ఈ చర్యయే.

ఇక గోడలు నిట్టనిలువుగా ఏల నిలిచినవి? రాతి పొరలు చాలవరకు అడ్డముగా పరచియున్నవి. వానిని నిలువు పగుళ్లు చీల్చుచున్నవి. నది అడుగును తొలిచినప్పుడు రాయి ఆ పగుళ్ల వెంబడి దిమ్మలుగా విరిగిపడును. పైన కురిసిన వాన పగుళ్లలోనికి ఇంకిపోవుటచే, గోడలను ఒరసి వాలుగా చేయగల ప్రవాహములు తక్కువ. మెత్తని పొరలు ముందుగా అరిగి అరుగులు, గూళ్ల వంటి గుంటలు ఏర్పడును. గండికి దిగువ భాగమున, సాన్ ఫ్రూతోస్ ఆలయము చెంత, అట్టి పగులు ఒకటి యాత్రికులకు చూపుదురు. శత్రువులు రాకుండ ఆ యోగి తన కర్రతో రాతిని చీల్చెనని అచ్చటి కథ. దానిపై 1757లో కట్టిన వంతెన కలదు. కథ కథయే గాని, పగులు మాత్రము భూగర్భశాస్త్ర పాఠము.

ఆ అరుగులమీద గ్రిఫన్ జాతి రాబందులు వందలాది జంటలుగా కాపురముండును. ఒక్కొక్కటి ఏడెనిమిది కిలోగ్రాముల బరువు. రెక్కలు చాచినచో రెండున్నర మీటర్ల వెడల్పు. ఇంత బరువైన పక్షి రెక్కలు కొట్టుచు చాలసేపు ఎగురలేదు. దాని కండరములకు అంత శక్తి లేదు. కావున అది ఎండను నమ్ముకొన్నది. ప్రొద్దెక్కి నేలయు రాయియు వేడెక్కగా, వానినంటిన గాలి వేడెక్కి తేలికయై పైకి లేచును. రాబందు ఆ గాలిస్తంభములో చుట్టుచు ఎత్తునకు పోయి, అచ్చటినుండి జారుచు మరియొక స్తంభమును చేరును. ఈ విధముగా ఆహారము వెదకుచు దినమునకు పదుల కిలోమీటర్లు తిరిగి వచ్చును. గాలి గోడకు తగిలి పైకి మళ్లుటయు దానికి సాయమే. తెల్లవారుజామున మాత్రము అది అరుగుమీద కదలక కూర్చుండవలసినదే. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు, రాబందు సోమరిపోతని విద్యార్థులు నవ్వుదురు. సోమరితనము కాదు, పొదుపు.

ఇప్పుడు నియమపు తేదీలకు వత్తము. ఈ పక్షి సంవత్సరమునకు ఒకే గ్రుడ్డు పెట్టును. జనవరి చివర పెట్టినదనుకొనుడు. పొదుగుటకు ఏడు, ఎనిమిది వారములు: మార్చి మూడవ వారము. పిల్ల ఎగురుటకు సుమారు నాలుగు నెలలు: జూలై. అనుమతిపత్రపు కాలము పక్షి బ్రతుకులోనుండి తీసినదే. సెపుల్వెద సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలపు రాత్రులలో నీరు గడ్డకట్టును. ఎదురెదురు రాతిగోడల నడుమ ఒక కేక వేసిన అది ప్రతిధ్వనించి గండియంతయు వ్యాపించును. తల్లి బెదరి లేచినచో గ్రుడ్డు చల్లబడును, లేదా మాలకాకి ఎత్తుకొనిపోవును. ఆ యేటికి ఆ జంటకు మరియొక పిల్ల సాధారణముగా ఉండదు. కేకవేసినవానికి ఈ సంగతి తెలియనే తెలియదు.

సమీపముననే ఉన్న రియాసా నది గండిలో 1975లో, ఫెలిక్స్ రోడ్రిగెస్ దె లా ఫుయెంతె అను ప్రకృతిశాస్త్రవేత్త పూనికతో, రాబందులకు శరణాలయమును తెరచిరి. దురతోన్ గండి 1989లో రక్షిత ప్రకృతివనమైనది. గ్రామస్థులు చచ్చిన పశువులను ఊరిబయట పారవేయుచుండగా రాబందులు వానిని తిని బ్రతికెడివి. 2001 తరువాత పిచ్చిఆవు రోగభయముచే కళేబరములను తొలగించి కాల్చవలెనను నిబంధన వచ్చి కొన్నియేండ్లు పక్షులు ఆకలిపాలైనవి. తరువాత ఆ నిబంధనను సడలించిరి.

కాని కళేబరములోనే విషముండినచో? ఈ ప్రశ్నకు మన దేశము చెల్లించిన మూల్యము పెద్దది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరము ద్వారా రాబందు కడుపున చేరి మూత్రపిండములను చెరుచును. యూరిక్ ఆమ్లము అవయవములపై తెల్లని పొడివలె పేరుకొని పక్షి కొద్దిదినములలో చచ్చును. దీనిని 2004లో నిర్ధారించిరి. 1992కును 2007కును మధ్య మన తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి చొప్పున మిగిలినవి. కళేబరములలో నూటికి ఒక్కటి కంటె తక్కువ విషపూరితమైనను ఇంతటి నాశనమునకు చాలునని లెక్కలు తేల్చినవి. 2006లో భారతప్రభుత్వము పశువైద్యములో ఆ మందును నిషేధించినది; మెలాక్సికాం అను మరియొక మందు రాబందులకు హాని చేయదని అప్పటికే తేలినది. తెలంగాణలోని బెజ్జూరు అడవిలో, పెద్దవాగుపైనున్న పాలరాపు గుట్ట అరుగులమీద, 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడినప్పుడు పక్షిశాస్త్రజ్ఞులు ఎంత సంతోషించిరో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును.

ఆ 2013లోనే స్పెయిను దేశము పశువులకు డైక్లోఫెనాక్ వాడుటకు అనుమతినిచ్చినది. ఐరోపాలోని గ్రిఫన్ రాబందులలో నూటికి తొంబదికి పైగా ఉన్న దేశమది! అచ్చట కళేబరములపై అజమాయిషీ గట్టిదని సమర్థించువారు చెప్పిరి. నాకు ఆ సమాధానము తృప్తినీయలేదు. 2020లో కాటలోనియా ప్రాంతపు కొండలలో ఒక నల్లరాబందు పిల్ల గూటిలో చచ్చిపడియుండగా పరీక్షించి, దాని శరీరమున ఈ మందును కనుగొనిరి.

ఆగస్టు మొదటి తేదీన తల్కానో వంతెనవద్ద అనుమతిపత్రము అడుగువారుండరు. ఆ రోజులలో ప్రొద్దున్నే బయలుదేరినవారు, పది గంటల వేళ ఏదైన మెలికవద్ద నిలిచి, ఎండ పడు గోడవైపు చూడవలెను. పెద్దపక్షులు ఒక్కొక్కటే అరుగు విడిచి గాలిలోనికి జారుచుండును. వాని వెనుక, మెడచుట్టు గోధుమరంగు ఈకలు గలవి ఆ యేటి పిల్లలు. గాలిస్తంభము ఎక్కడున్నదో తెలియక రెక్కలు ఎక్కువగా కొట్టుచుండును.