బొమ్మల కథల పుస్తకములు: అపూర్వముద్రణ విచారము

పాత పుస్తకముల యంగళ్లలో ‘అపూర్వముద్రణము’ అను మాట విచ్చలవిడిగా వినవచ్చుచున్నది. దొరకుట యరుదైన ప్రతిదానికి నీ పేరు పెట్టుట యుక్తము కాదు. ‘నాస్తి పూర్వం యస్య’ యని బహువ్రీహిగా విగ్రహము చెప్పినచో, తనకు ముందు వేఱొకటి లేనిదే యపూర్వము, అనగా ప్రథమముద్రణము. తక్కినవానిలో కొన్ని విరళములు, కొన్ని విలక్షణములు. బాలుర బొమ్మల పుస్తకములను సేకరించువారు ఈ భేదమును మొదట నెఱుగవలయును.

చందమామ 1947 జూలైలో, సర్వజిత్సంవత్సరమున, నాగిరెడ్డి చక్రపాణుల పూనికతో చెన్నపురినుండి తెలుగునను తమిళమునను వెలువడ నారంభించెను. 1948లో కన్నడము, 1949లో హిందీ చేరినవి. 2013లో పత్రిక నిలిచిపోయినది. మాసపత్రిక సంచిక సాధారణముగా నొక్కమాఱే యచ్చుపడును గావున, దానియందు ముద్రణక్రమవిచారము పుట్టదు. ప్రతి సమగ్రమా కాదా యనునదే ప్రశ్న.

నంద్యాలలోను ఆళ్లగడ్డలోను నేను చూచిన పాత చందమామలలో బెక్కులు విడి సంచికలు గావు. ఆఱేసి గాని పండ్రెండేసి గాని కలిపి బైండు చేయించినవి. బైండు చేయువాడు అట్టలను తీసివైచి అంచులను కోయుట వాడుక. పుస్తకము చక్కనిదగును, చరిత్ర పోవును. వడ్డాది పాపయ్య వంటివారి ముఖచిత్రములు, వెల, ప్రకటనలు, అన్నియు నొక్క కత్తివేటుతో పోయినవి. అంతకంటె నష్టమొకటి కలదు. ఛాయాచిత్రములకు వ్యాఖ్య వ్రాయు పోటీలో గెలిచినవారి పేర్లును ఊళ్ల పేర్లును పత్రికలో ప్రకటించెడివారు. ఏ యూరి బాలురు ఏ నెలలో ఈ పత్రికను చదివిరో తెలుపుటకు దానికి మించిన ప్రత్యక్షప్రమాణ మేది? చివరి పుటలు చినిగిన సంపుటములలో నదియు దొరకదు.

అమర చిత్రకథల సంగతి వేఱు. అనంత్ పాయ్ సంపాదకత్వమున 1967లో బొంబాయియందు ఆరంభమైన ఈ మాలలో ‘కృష్ణ’ సంఖ్య 11. మొదటి పదియు నశించెనని తలపరాదు; అవి పాశ్చాత్యకథల యనువాదములు. తొలి ముద్రణములలో లోపలి బొమ్మలకు పసుపు, నీలము, ఆకుపచ్చ మాత్రమే వాడిరి. పిమ్మట సర్వవర్ణములు వచ్చినవి. ఒకే పేరు, ఒకే సంఖ్య గల రెండు ప్రతులలో పాఠభేదమువలె వర్ణభేద ముండవచ్చునన్నమాట. తాళపత్రప్రతులకు సంకేతములిచ్చి పాఠాంతరములను గుర్తించు మనము బొమ్మకు నా మర్యాద యేల చేయరాదు? గీత యొకటి తప్పినను విగ్రహము మాఱునని ఆళ్లగడ్డ శిల్పులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

చవుక కాగితము ఎండకు పెళుసెక్కును. చినిగిన చోట అంటుపట్టీ వేయరాదు; ఏండ్లు గడచిన కొలది జిగురు పసుపెక్కి అక్షరములను చెఱచును. అట్టలేని సంపుటమునుండి కంప్యూటరున కెక్కించినచో నా లోపమే లోకమున స్థిరపడును. కావున పాఠశాలల బీరువాలలో మిగిలినవానిని తూకమునకు వేయకమునుపే, అట్టలున్న విడి సంచికలను పండితులు వేఱుపఱచి, నెల, సంవత్సరము, వెల, పుటలసంఖ్య వ్రాసి మన సంఘమునకు పంపవలెను.