శునక హృదయము – దేహ పరిమాణము

గుంటూరు–గుంతకల్లు రైలుమార్గమున తర్లుపాడులో దిగి చేలగట్లవెంట నడచువారికి, గొఱ్ఱెలమంద వెనుక చెవులు నిక్కించి సాగు కాపలాకుక్క కంటబడకమానదు. ఆ ప్రాంతపు బిడ్డలే నేడు డల్లసులోనో మెల్బోర్నులోనో 35 కిలోల లాబ్రడారును, 5 కిలోల షిట్జూను కన్నబిడ్డలవలె పెంచుకొనుచున్నారు. ఈ మూటి గుండెలను ఒకే కొలబద్దతో కొలువరాదు.

1953లో స్వీడనునందలి లుండ్ నగరమున ఇంగె ఎడ్లర్ అను వైద్యుడును, హెల్ముట్ హెర్ట్స్ అను భౌతికశాస్త్రజ్ఞుడును అతిధ్వని తరంగములతో మానవ హృదయచలనమును నమోదుచేసిరి. ఆ విద్య తరువాత పశువైద్యమునకును సంక్రమించినది. కుక్కను కుడిప్రక్కకు పరుండబెట్టి, బల్లకు కోసియుంచిన రంధ్రముగుండ, ముందుకాలి మోచేతి వెనుక గుండెకొట్టుకొనుట చేతికి తగులుచోట జెల్లు రాసి, క్రిందినుండి ప్రోబు నానించి, ఎడమ జఠరిక పూర్తిగా విచ్చుకొన్న క్షణమున దాని లోపలి వ్యాసమును వైద్యుడు కొలుచును. మత్తు సాధారణముగా అక్కఱలేదు; యజమాని తలవద్ద నిలిచి నిమురుచుండిన చాలును.

ఆ కొలత 3.5 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. 20 కిలోలు తూగు మందకుక్కకు అది ఆరోగ్యలక్షణమే. మన షిట్జూయందు అదే కనబడెనా, గుండె మిక్కిలి ఉబ్బినదన్నమాట. తొట్టి పొడవు, వెడల్పు, లోతులను రెట్టింపుచేసినచో అందు పట్టు నీరు ఎనిమిదింతలగును గదా; అట్లే కుక్క ఎనిమిదింతలు బరువైనను జఠరిక వ్యాసము రెట్టింపునకు లోపుగనే పెరుగును. 2004లో కార్నెల్ ప్రభృతులు ఆరోగ్యవంతములైన కుక్కల కొలతలను పరిశీలించి, సెంటీమీటర్లలోని వ్యాసమును కిలోలలోని బరువుయొక్క 0.294వ ఘాతముచే భాగింపవలెనని తేల్చిరి. ఆ లెక్కను మందకుక్కకు వచ్చునది 1.45, షిట్జూకు దాదాపు 2.2. ఇది కేవలము గణితవినోదము కాదు: 2016లో వెలువడిన ఎపిక్ పరిశోధనయందు, ద్విపత్ర కవాటము చెడి, ఈ సంఖ్య 1.7కును, బృహద్ధమనితో పోల్చిన ఎడమ కర్ణిక కొలత 1.6కును తగ్గని కుక్కలకు, ఆయాసము బయటపడకపూర్వమే పిమోబెండాన్ అను మందు ఈయగా, విపత్తు సుమారు 15 నెలలు వెనుకకు జరిగినది.

అయితే బరువొక్కటే ప్రమాణము కాదు. గ్రేహౌండు గుండె బరువునుబట్టి ఊహించినదానికంటె సహజముగనే పెద్దది. 2005లో మన తపాలాబిళ్ళకెక్కిన ముధోల్ వేటకుక్కను పరీక్షించువారును ఈ సంగతి మఱవరాదు. కొవ్వుపట్టిన లాబ్రడారు విషయము దీనికి విపర్యయము. దాని బరువుతోపాటు గుండె పెరుగదు. ఆ అధికభారముతో భాగించినచో ఉబ్బిన గుండెయు సహజమైనదివలె కనబడి మోసగించును. కావున లెక్కకు గైకొనవలసినది త్రాసు చూపిన బరువు గాదు, ఆ కుక్క ఉండవలసిన బరువు.