కాలికి ఆరు వేళ్లు, వింత నడక.. ఈ అరుదైన కుక్కను జడ్జ్ చేయడం ఎందుకంత కష్టమో తెలుసా?

డాగ్ షో వీడియోలు మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటాయి. సూటు వేసుకున్న జడ్జి కుక్క నోరు తెరిచి పళ్లు చూస్తారు. వీపు మీద చెయ్యి వేసి తడుముతారు. రింగ్‌లో ఒక రౌండ్ నడిపించి చూస్తారు. చివర్లో ఒకదాన్ని వేలితో చూపిస్తారు, అంతే.. చప్పట్లు! కానీ నార్వేకి చెందిన లుండెహుండ్ అనే కుక్క రింగ్‌లోకి వస్తే జడ్జి ఇంకో పని కూడా చేయాలి. దాని కాలి వేళ్లు లెక్కపెట్టాలి.

మామూలుగా కుక్కకి ముందు కాలికి ఐదు, వెనక కాలికి నాలుగు వేళ్లు ఉంటాయి. లుండెహుండ్‌కి మాత్రం ఒక్కో కాలికి కనీసం ఆరు ఉండాలి. అంటే మొత్తం 24! వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఈ జాతి ఒకప్పుడు కేవలం ఆరు కుక్కల దాకా పడిపోయింది. అందుకే ఇక్కడ జడ్జి ఎవర్ని గెలిపిస్తారనేది కప్పుతో అయిపోయే విషయం కాదు.

అసలు ఎవరీ లుండెహుండ్?

నార్వే భాషలో 'లుండె' అంటే పఫిన్ అనే సముద్రపు పక్షి. 'హుండ్' అంటే కుక్క. పేరులోనే దాని ఉద్యోగం ఉంది. పఫిన్లు సముద్రం పక్కన నిటారుగా ఉండే కొండల్లో, రాళ్ల సందుల్లో, బొరియల్లో గూళ్లు పెట్టుకుంటాయి. మనిషి చెయ్యి దూరని ఆ సందుల్లోకి ఈ కుక్క దూరి పక్షిని పట్టుకొచ్చేది. మాంసం కోసం, ఈకల కోసం అక్కడి జనం దీన్ని పెంచుకునేవారు.

ఆ పనికి తగ్గట్టే దీని ఒళ్లు ఉంటుంది. ఎక్కువ వేళ్లు ఉండటం వల్ల జారే రాళ్ల మీద పట్టు దొరుకుతుంది. ముందు కాళ్లు రెండు పక్కలకి బాగా చాచగలదు. మెడ వెనక్కి వంచితే తల వీపుకి తగులుతుంది. చెవులు మడిచి మూసుకోగలదు. సైజ్ చూస్తే మగది 35 నుంచి 38 సెంటీమీటర్ల ఎత్తు, బరువు 7 కిలోల దాకా. ఆడది ఇంకాస్త చిన్నది.

స్పెషాలిటీ షో అంటే?

టీవీలో ఎక్కువగా చూపించేవి అన్ని జాతుల కుక్కలూ వచ్చే షోలు. స్పెషాలిటీ షో అలా కాదు. ఒకే జాతి కోసం పెట్టేది. వచ్చిన కుక్కలన్నీ అదే జాతివి కాబట్టి తేడాలు చాలా చిన్నవిగా ఉంటాయి. పిల్లలు, పెద్దవి, ముసలివి అని వయసుని బట్టి గ్రూపులు చేస్తారు. మగవి, ఆడవి వేరుగా చూస్తారు. చివర్లో అన్నిట్లోకి ఒకదాన్ని 'బెస్ట్ ఆఫ్ బ్రీడ్'గా ఎంపిక చేస్తారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. జడ్జి మొదట కుక్కని పక్క కుక్కతో పోల్చరు. 'బ్రీడ్ స్టాండర్డ్' అనే రాతతో పోలుస్తారు. ఆ జాతి కుక్క ఎలా ఉండాలో అందులో రాసి ఉంటుంది. ప్రపంచ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ జాబితాలో లుండెహుండ్ స్టాండర్డ్ నంబర్ 265. నార్వే లాంటి దేశాల్లో జడ్జి ప్రతి కుక్కకీ ఒక గ్రేడ్ ఇస్తారు, ఏం బాగుందో ఏం బాలేదో రాసి కూడా ఇస్తారు. ర్యాంకుల పోటీ ఆ తర్వాతే. క్వాలిటీ సరిపోలేదనిపిస్తే సర్టిఫికెట్ ఎవరికీ ఇవ్వకుండా ఆపేసే అధికారం కూడా ఉంటుంది.

జడ్జి ఏమేం చూస్తారు?

* ముందు పాదం: కనీసం ఆరు వేళ్లు ఉండాలి. అందులో ఐదు నేల మీద ఆని బరువు మోయాలి. ఊరికే వేలాడితే లాభం లేదు.
* వెనక పాదం: ఇక్కడా ఆరు ఉండాలి, నాలుగు బరువు మోయాలి.
* పాదం కింద మెత్తలు: ముందు పాదానికి ఎనిమిది, వెనక పాదానికి ఏడు. పాదం ఎత్తి చూస్తే గానీ ఇది తెలీదు.
* రంగు: ఎరుపు కలిసిన గోధుమ రంగు, వెంట్రుకల చివర నలుపు, అక్కడక్కడా తెలుపు. తెల్లటి ఒంటి మీద ముదురు మచ్చలున్నవి కూడా ఓకే.
* స్వభావం: చురుగ్గా ఉండాలి. మీద పడి కరిచేది, మరీ బెదిరిపోయేది అయితే ఎఫ్‌సీఐ రూల్ ప్రకారం ఏ జాతి కుక్కైనా డిస్‌క్వాలిఫై అవుతుంది.

వేరే జాతిలో తప్పు.. ఇక్కడ కరెక్ట్!

అసలు చిక్కంతా నడక దగ్గరే. చాలా జాతుల్లో ముందు కాళ్లు నేరుగా ముందుకి పడాలి. బయటికి తిరిగితే మార్కులు కట్. లుండెహుండ్ ముందు కాళ్లు మాత్రం బయటికి గుండ్రంగా తిరుగుతూ పడతాయి. వెనక కాళ్లు కాస్త దగ్గర దగ్గరగా పడతాయి. స్టాండర్డ్ ప్రకారం అదే దాని అసలు నడక. పాదాలు కొంచెం బయటికి తిరిగి ఉండటం కూడా అంతే. భుజం అన్ని వైపులా తిరిగేలా ఉంటేనే కదా రాళ్ల మీద చేతులు చాచినట్టు కాళ్లు చాచగలిగేది!

పళ్ల విషయంలోనూ అంతే. నమిలే పళ్లలో ముందువైపు ఉండే కొన్ని ఈ జాతిలో చాలా కుక్కలకి ఉండవు. వేరే జాతి జడ్జి అది చూసి ముఖం చిట్లిస్తారు. ఇక్కడ దాన్ని పెద్ద లోపంగా తీసుకోరు.

అంటే ఈ జాతి గురించి తెలియని జడ్జి, నేరుగా నడిచే 'నీటైన' కుక్కని గెలిపించేస్తే ఏమవుతుంది? ఓనర్లు అలాంటి వాటినే పెంచడం మొదలుపెడతారు. కొన్ని తరాలకి ఆ ప్రత్యేకమైన భుజం పోతుంది. ఇప్పుడు ఈ కుక్కలు పఫిన్ల వేటకి వెళ్లడం లేదు. కొండ మీద పరీక్ష ఎప్పుడో ఆగిపోయింది. ఇక మిగిలిన పరీక్ష ఈ రింగే.

ఆరు కుక్కల దగ్గర ఆగిన కథ

పక్షుల్ని వలలతో పట్టడం మొదలయ్యాక ఈ కుక్కలతో పని తగ్గింది. లోఫోటెన్ దీవుల్లోని వేరోయ్‌లో, మోస్టాడ్ అనే మారుమూల పల్లెలో మాత్రం ఇవి మిగిలాయి. 1930ల చివర్లో ఎలనోర్ క్రిస్టీ అనే మహిళ అక్కడి నుంచి కొన్ని పిల్లల్ని దక్షిణ నార్వేకి తెప్పించుకుని పెంచారు. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు దీవిలో కుక్కల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. 1944లో అదే జబ్బు క్రిస్టీ ఇంటి కుక్కలకీ సోకింది. 1960ల మొదట్లో మళ్లీ దెబ్బ. చివరికి మిగిలింది ఆరే. అందులో ఐదు ఒకే తల్లి పిల్లలు.

ఇప్పుడున్న లుండెహుండ్‌లన్నీ ఆ కొన్నిటి సంతానమే. డాక్టర్లు మేనరికాలు వద్దని ఎందుకంటారో ఇక్కడ కళ్లకి కనిపిస్తుంది. ఈ జాతిలో పేగుల జబ్బు ఎక్కువ. దానికి 'లుండెహుండ్ సిండ్రోమ్' అనే పేరే పడిపోయింది. తిన్నది ఒంటికి పట్టదు, ప్రోటీన్ పేగుల్లోంచి బయటికి పోతుంది. పైగా ఒక్కో ఈతలో పుట్టే పిల్లలూ తక్కువే.

కప్పు గెలిచాక మొదలయ్యే సమస్య

ఏ జాతిలోనైనా షోలో గెలిచిన మగ కుక్కకి డిమాండ్ పెరుగుతుంది. అందరూ దానితోనే జత కట్టించాలనుకుంటారు. వేల కుక్కలున్న జాతిలో ఇది కొంతవరకు చెల్లుతుంది. ఇంత చిన్న జాతిలో ఒకే కుక్క పిల్లలు అంతటా నిండిపోతే, ఉన్న కాస్త వైవిధ్యం కూడా పోతుంది. ఇంకో విషయం.. పేగుల జబ్బు రింగ్‌లో జడ్జి కంటికి కనపడదు. ఇవాళ మెరిసిపోతున్న కుక్క రేపు జబ్బు పడొచ్చు.

అందుకే ఇలాంటి జాతిని జడ్జ్ చేసేటప్పుడు ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకోవడమే అసలు పని. పాదాలు, భుజం, నడక, ఒంట్లో చురుకు.. వీటి దగ్గర రాజీ కుదరదు. మచ్చ ఎక్కడుంది, తోక ఎంత చుట్టుకుంది లాంటి చిన్న చిన్న వాటికి మంచి కుక్కని వెనక్కి నెడితే మాత్రం జాతికే నష్టం. ఎందుకంటే గ్రేడ్ తగ్గిన కుక్కని ఓనర్ మళ్లీ పెంపకానికి వాడకపోవచ్చు. ఇక్కడ పక్కన పెట్టేంత స్టాక్ లేదు.

నార్వేలో ఈ జాతి క్లబ్ 2014లో ఇంకో అడుగు వేసింది. నార్వేజియన్ బుహుండ్, ఐస్లాండిక్ షీప్‌డాగ్, నార్‌బాటెన్‌స్పిట్స్ అనే దగ్గరి జాతులతో జత కట్టించే ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. కొత్త రక్తం వస్తే జబ్బులు తగ్గుతాయని ఆశ. అదే టైమ్‌లో ఆరు వేళ్లు, ఆ నడక పోకూడదు. ఏ పిల్లలో అవి నిలిచాయో గుర్తుపట్టడానికి మళ్లీ ఈ జాతి తెలిసిన కళ్లే కావాలి.

ఈసారి డాగ్ షో వీడియోలో ఒక చిన్న కుక్క ముందు కాళ్లు గుండ్రంగా తిప్పుతూ వస్తే 'ఇదేంటి కుంటుతోంది' అనుకుని స్క్రోల్ చేసేయకండి. ఒక్కసారి పాజ్ చేసి దాని పాదాలు చూడండి.