వేప్ పట్టుకుంటే సిగరెట్ వదిలినట్టేనా? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల పక్కనున్న ఛాయ్ బండ్ల దగ్గరా, డాలస్‌లోనో లండన్‌లోనో చదువుకుంటున్న మన పిల్లల గదుల్లోనూ ఇప్పుడు ఒక మాట తరచుగా వినిపిస్తోంది: ‘‘సిగరెట్ మానేశాను, వేప్‌కి మారాను.’’ ఆ మాటలో మానాలన్న కోరిక నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఆ కోరిక చుట్టూ రెండు తప్పుడు నమ్మకాలు పెరిగాయి. వేప్ అంటే ఉత్త ఆవిరేనన్నది ఒకటి. సిగరెట్ కంటే వేపే ఘోరమన్నది ఇంకొకటి. మొదటిది నమ్మినవాళ్లు ఏనాడూ పొగ తాగని తమ్ముడి చేతికి కూడా వేప్ పెన్ను ఇస్తారు. రెండోది నమ్మినవాళ్లు ‘దీనికంటే సిగరెట్టే నయం’ అనుకుని మళ్లీ పాన్ డబ్బా దగ్గరికి వెళ్తారు. అందుకే ఒక్కో నమ్మకాన్నీ విడివిడిగా చూద్దాం.

అపోహ: వేప్‌లో ఉండేది నీటి ఆవిరే.

కాదు. అందులోని చిన్న కాయిల్ బ్యాటరీతో వేడెక్కి, ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్ అనే ద్రవాలను సన్నటి తుంపరగా మారుస్తుంది. నికోటిన్, రుచి కోసం కలిపిన రసాయనాలు ఆ తుంపరతో పాటే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. కాయిల్ మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ లాంటి హానికర పదార్థాలు కూడా పుడతాయి. సిగరెట్ సంగతి వేరు. అక్కడ పొగాకు మండుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది ఆ మంట నుంచే. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలుంటే, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలు. వేప్‌లో మంట లేదు. ఈ రెంటికీ ఉన్న అసలు తేడా అదే. 2003లో ఈ పరికరానికి నేటి రూపం తెచ్చిన చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ ఉద్దేశం కూడా ఆ మంటను తప్పించడమే. ఆయన పొగతాగే మనిషి. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు.

అపోహ: క్యాన్సర్ తెచ్చేది నికోటినే.

అలవాటును వదలనివ్వనిది నికోటిన్, ప్రాణం తీసేది పొగ. నికోటిన్ గమ్‌ను, ప్యాచ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఈ తేడా తెలియక చాలామంది ‘గమ్‌లోనూ అదే విషం కదా’ అని దాన్ని పక్కన పెట్టి సిగరెట్ వెలిగిస్తున్నారు. ఈ అపోహ వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. అలాగని నికోటిన్ అమాయకమైనదీ కాదు. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. గర్భిణులకు, ఇంకా మెదడు ఎదుగుతున్న పిల్లలకు హాని చేస్తుంది. వేప్ ద్రవాన్ని చిన్నపిల్లలు తాగితే ప్రాణాల మీదికి వస్తుంది.

అపోహ: అమెరికాలో వేప్ వల్ల జనం చచ్చిపోయారు, కాబట్టి సిగరెట్టే నయం.

2019లో అమెరికాలో ఉన్నట్టుండి యువకులు ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. కారణం వెతికితే ఎక్కువ మంది వాడినవి గంజాయి నూనె నింపిన దొంగసరుకు కాట్రిడ్జ్‌లని తేలింది. ఆ నూనెను చిక్కగా చూపించడానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ఊపిరితిత్తులను దెబ్బతీసింది. మాత్రగా మింగితే ఏమీ చేయని పదార్థమే వేడి చేసి పీలిస్తే మనుషులను చంపింది. దీన్నిబట్టి ప్రతి వేప్ సిగరెట్‌ను మించిన విషమని అనలేం. ఎవరు ఏం కలిపారో తెలియని సరుకును ఊపిరితిత్తుల్లోకి పీల్చకూడదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. మన దేశంలో ఈ పాఠం అవసరం మరీ ఎక్కువ. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

అపోహ: వేప్ 95 శాతం సురక్షితం.

ఈ అంకె 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం ఇచ్చిన నివేదికతో ప్రచారంలోకి వచ్చింది. వాళ్లన్నది సిగరెట్‌తో పోలిస్తే హాని సుమారు 95 శాతం తక్కువని. అదీ నిపుణుల అంచనాయే, ఎవరూ కొలిచి చెప్పిన లెక్క కాదు. దశాబ్దాల తరబడి వేప్ వాడితే ఏమవుతుందో చెప్పాలంటే దశాబ్దాలు గడవాలి. సిగరెట్ కంటే హాని తక్కువన్న మాట రోజుకో పెట్టె కాల్చేవాళ్లకు పనికొస్తుంది. ఏమీ తాగని పిల్లలకు ఆ పోలికతో పనిలేదు, వాళ్లకు అది కొత్తగా తెచ్చుకునే హానే. 2019లో అమెరికా హైస్కూల్ విద్యార్థుల్లో 27.5 శాతం మంది వేప్ వాడుతున్నట్టు సర్వేలో బయటపడింది. మామిడి, పుదీనా, బబుల్‌గమ్ రుచులు వాళ్లను ఆకట్టుకున్నాయి.

అపోహ: వేప్‌తో సిగరెట్ మానవచ్చన్నది వట్టి ప్రచారం.

ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. 2019లో ఇంగ్లండ్‌లో 886 మందిపై జరిగిన పరిశోధనలో సగం మందికి వేప్, మిగతా సగం మందికి గమ్, ప్యాచ్ లాంటివి ఇచ్చారు. అందరికీ వారం వారం కౌన్సెలింగ్ కూడా జరిగింది. ఏడాది తర్వాత చూస్తే, వేప్ వాడినవాళ్లలో 18 శాతం, గమ్, ప్యాచ్ వాడినవాళ్లలో 9.9 శాతం సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. వేప్ పనిచేసిందన్న మాట నిజమే. ఆ అధ్యయనంలోనే ఇంకో విషయం ఉంది. అలా మానేసిన వేప్ వాడకందారుల్లో 80 శాతం మంది ఏడాది తర్వాతా వేప్ వదల్లేదు. గమ్, ప్యాచ్‌తో మానేసినవాళ్లలో ఇంకా వాటిని వాడుతున్నది 9 శాతమే. అంటే సిగరెట్ పోయింది, నికోటిన్ మిగిలింది. ప్రచారం చేసేవాళ్లు మొదటి లెక్కే చెబుతారు, వ్యతిరేకించేవాళ్లు రెండో లెక్కే చెబుతారు. మానాలనుకునేవాళ్లకు రెండూ తెలియాలి.

వేప్ వదలకపోవడానికి మరో కారణం దాని వాడకంలోనే ఉంది. సిగరెట్ ఒక చోట అయిపోతుంది, ఆర్పేసి లోపలికి వస్తాం. వేప్‌కు ఆ హద్దు లేదు. జేబులో, దిండు కింద, మీటింగ్ మధ్యలో, బాత్రూంలో కూడా చేతిలోనే ఉంటుంది. కాబట్టి విదేశాల్లో ఉంటూ చట్టబద్ధంగా వేప్‌కు మారినవాళ్లు మొదటి రోజే రెండు తేదీలు రాసిపెట్టుకోవాలి. సిగరెట్ పూర్తిగా ఆపే తేదీ ఒకటి, వేప్‌ను కూడా ఆపే తేదీ ఇంకొకటి. నికోటిన్ మోతాదును మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ పోవాలి.

అపోహ: ఇక్కడా దొరుకుతోంది కదా, తప్పేముంది?

దొరకడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌గా వచ్చి అదే ఏడాది చట్టమైన నిషేధం ప్రకారం, దేశంలో ఈ-సిగరెట్ల, అంటే వేప్‌ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వకైతే ఆరు నెలల వరకు శిక్ష పడవచ్చు. దుబాయ్ నుంచో లండన్ నుంచో వస్తూ స్నేహితుల కోసం నాలుగు తెచ్చినా అది దిగుమతే.

నిషేధం సరైనదా కాదా అన్న వాదన ప్రపంచమంతటా సాగుతోంది. బ్రిటన్ ఒకవైపు పొగతాగేవాళ్లకు ప్రభుత్వమే వేప్ కిట్లు ఇచ్చే పథకం పెట్టింది, మరోవైపు 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే వేప్‌లను నిషేధించింది. ఆస్ట్రేలియాలో ఫార్మసీల్లో తప్ప అమ్మకూడదు. ఆ వాదన ఎలా ఉన్నా, మన దగ్గర దొరికేదంతా చాటుమాటు సరుకే. బ్రిటన్‌లో ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి ఉంది. కోఠీలోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో కొన్నదానికి ఏ పరిమితీ లేదు. పెట్టె మీద రాసినదానికి, లోపల ఉన్నదానికి పొంతన ఉందో లేదో చూసే అధికారి లేడు. బ్రిటన్ పరిశోధన ఫలితాలను ఈ సరుకుకు అంటగట్టడం తప్పు. ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి మానాలనుకునేవాళ్లకు వేప్ దారి కాదని నా కచ్చితమైన అభిప్రాయం. ఇంతకంటే మంచి సాధనాలు మందుల దుకాణంలోనే ఉన్నాయి.

అపోహ: పగలు వేప్, సాయంత్రం ఒక్క సిగరెట్. నష్టం తగ్గినట్టే.

గుండె విషయంలో ఈ లెక్క కుదరదు. 141 అధ్యయనాలను కలిపి చూసి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, 20 తాగేవాళ్లకు అదనంగా ఉండే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. ఇరవయ్యో వంతు ఉంటుందనుకుంటాం, అలా ఉండదు. మారితే పూర్తిగా మారాలి.

అపోహ: సిగరెట్ కంటే బీడీ, చుట్ట, హుక్కా మేలు.

ఏది మండినా పొగే. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సర్లు రావడాన్ని విశాఖ వైద్యులు 1950ల్లోనే గుర్తించారు. హుక్కా సంగతీ అంతే: తెలంగాణ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధించింది.

అపోహ: మానడానికి కావాల్సింది మనోబలమే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇది. ఎందుకంటే మానలేకపోయిన మనిషి తనను తానే బలహీనుడిగా చూసుకుంటాడు, మళ్లీ ప్రయత్నించడానికి సిగ్గుపడతాడు. లాగిన దమ్ములోని నికోటిన్ 10–20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. అప్పుడు పుట్టే చిరాకును ఇంకో సిగరెట్ చల్లారుస్తుంది. దాన్నే మనం ‘టెన్షన్ తగ్గింది’ అంటాం. ఆ టెన్షన్‌లో ఎక్కువ భాగం ముందటి సిగరెట్ తెచ్చిపెట్టినదే. మానినవాళ్లలో కొన్ని వారాల తర్వాత ఆందోళన, దిగులు తగ్గినట్టే పరిశోధనలు చెబుతున్నాయి.

మొదటి రెండు మూడు రోజులు అన్నిటికంటే కష్టం. రెండు నుంచి నాలుగు వారాల్లో తీవ్రత తగ్గుతుంది. తాగాలన్న గుంజుడు వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు దాటించడానికే గమ్. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి రసం మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట తప్ప ఉపయోగం ఉండదు. నాలుక చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. అంతకు ముందు పావుగంటలో కాఫీ, కూల్‌డ్రింక్ తాగకూడదు. ఎక్కువగా తాగేవాళ్లకు ప్యాచ్, గమ్ కలిపి వాడటం గానీ, వరెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి మాత్రలు గానీ డాక్టర్ సూచిస్తారు.

మనవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫిన్‌ను వేగంగా విరిచేస్తుంది. పొగ ఆగగానే ఆ వేగం తగ్గిపోయి, అదే నాలుగు ఛాయ్‌ల కెఫిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. అదంతా సిగరెట్ లేకపోవడం వల్లేననుకుని చాలామంది మళ్లీ వెలిగిస్తారు. మానిన వారం ఛాయ్, కాఫీ సగానికి తగ్గించండి. కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఆస్తమాకు ఇచ్చే థియోఫిలిన్ విషయంలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి అవి వాడేవాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మానిన కొత్తల్లో దగ్గు పెరగవచ్చు. ‘మానడం పడలేదు’ అని పెద్దవాళ్లు అంటారు. శ్వాసనాళాల్లోని సన్నటి కేశాలు మళ్లీ పనిలోకి దిగి కఫాన్ని పైకి తోయడం వల్లే ఆ దగ్గు. అది వారాలు దాటినా, రక్తం పడినా మాత్రం వెంటనే చూపించుకోవాలి. కొందరికి నాలుగైదు కిలోల బరువు పెరుగుతుంది. పొగ చేసే హానితో పోలిస్తే అది చాలా చిన్న విషయం.

ఒక పెళ్లిలోనో మందు పార్టీలోనో ఒకటి తాగేస్తే ఆట ముగిసిపోలేదు. చాలామంది ఎన్నోసార్లు ప్రయత్నించాకే పూర్తిగా మానతారు. ఎక్కడ జారామో గుర్తుపెట్టుకుని మర్నాడే మళ్లీ మొదలుపెట్టాలి. చాలాసార్లు ఆ జారుడు ఛాయ్ దగ్గరి స్నేహితులతోనో, భోజనమయ్యాకనో ఉంటుంది. ఆ వేళకు చేయడానికి ఇంకో పని ముందే అనుకుని పెట్టుకోవాలి. డబ్బు లెక్క కూడా ఉత్సాహాన్నిస్తుంది. సిగరెట్ 20 రూపాయలనుకుంటే, రోజుకు పది చొప్పున ఏడాదికి 73,000. ఆ డబ్బు ఇంట్లో ఎవరి చేతికైనా రోజూ ఇచ్చి చూడండి.

అపోహ: ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం?

బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్ల పాటు గమనించి రిచర్డ్ డాల్ బృందం 2004లో ప్రచురించిన లెక్క ఇది: అరవైలో మానితే సుమారు మూడేళ్ల ఆయుష్షు, యాభైలో ఆరేళ్లు, నలభైలో తొమ్మిదేళ్లు, ముప్ఫైలో పదేళ్లు తిరిగి దక్కుతాయి. మానిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది.

సాయం అడగడానికి 1800-11-2356కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ ఉచిత లైన్‌లో తెలుగులోనూ కౌన్సెలింగ్ ఇస్తారు. ఆ నంబరు సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. ఈసారి పెట్టె చేతిలోకి తీసుకున్నప్పుడు, తెరవకముందే ఆ నంబరుకు కలపండి.